మెల్లగా తిరిగిన రికార్డు

ఇది నేను చాలా ముందే రాసి ఉండాల్సింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, అప్పట్లో నాకు రాయడం రాదు. చిన్నప్పుడు కుప్పంలో మా చిన్నమ్మ బట్టలు కుట్టేది. నేను ఆమె పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టేదాన్ని. కాజాలు కుట్టాలంటే పగటి వెలుతురు కావాలి. బడి జరిగేది కూడా పగలే. రెండింట్లో మా ఇంటికి అవసరమైనవి కాజాలు. అందుకని బడికి పోలేదు. ఈ విషయంలో చిన్నమ్మను తప్పు పట్టను. ఆమెకూ చదువు రాదు. చదువు ఎరగని ఇంట్లో అది లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

పెళ్లయ్యాక మదనపల్లెకు వచ్చాను. మిషనరీలు కట్టించిన ఆసుపత్రిలో ఆయాగా పనిచేశాను. వార్డులను తలుపుల రంగును బట్టి, మందులను సీసాల రంగును బట్టి గుర్తుపెట్టుకున్నాను. జీతం కాగితం మీద వేలిముద్ర వేశాను. మా ఆయన లారీల షెడ్డులో మెకానిక్కు. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక, నా పనీ అయిపోయాక, ఒక ఇంటి వెనక వాటాలో ఒక గది తీసుకున్నాను. ముందు వాటాలో ఒక టీచరమ్మ ఉండేది. సాయంత్రాలు మా వీధి పిల్లలకు ఇంట్లో ట్యూషన్ చెప్పేది. నేను మెట్టు మీద కూర్చుని పిల్లల గోల వినేదాన్ని. గదిలో గడియారం చప్పుడు వినడం కన్నా అది నయం.

ఒక సాయంత్రం ఆమె అన్నది, “ఆడ యాల కూర్చుంటావు మ్మా, లోపలికి రా. చాప మీద చోటు ఉండాది.”

“ఈ వయసులో నాకేం వస్తాది లే పాపా.”

“రాకపోతే ఫెయిల్ చేసేదానికి నేనేమన్నా హెడ్మాస్టరునా? వచ్చి కూర్చో.”

కూర్చున్నాను. పక్కనున్న చిన్నపిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, “పలక తెచ్చుకోలేదా అవ్వా? రేపు తెచ్చుకో. లేదంటే గోడకుర్చీ వేయిస్తాది” అని జాగ్రత్త చెప్పింది. అప్పటికి నాకు అరవై దాటాయి. అట్లా మొదలైంది నా చదువు. ఇది రాసి టీచరమ్మకు చూపిస్తే తప్పులు దిద్ది ఇచ్చింది. మాటలు మార్చొద్దని చెప్పాను, మార్చలేదు.

రాయాలనుకున్నది మా చిన్నమ్మ గొంతు గురించి.

కుప్పం నుంచి రైలెక్కితే కాసేపటికి బంగారు గనుల ఊరు వస్తుంది. దొరల కాలంలో ఆ ఊళ్లో క్లబ్బులు ఉండేవి. శనివారం రాత్రుళ్లు దొరలూ దొరసానులూ డాన్సులాడేవాళ్లు. దానికి ఒక బ్యాండు. ట్రంపెట్టు, డ్రమ్ము, పియానో, ఇంకా నాకు పేర్లు తెలియని ఊదుడు వాయిద్యాలు. ఆ సంగీతాన్ని జాజ్ అంటారని చాలా ఏళ్ల తర్వాత విన్నాను. చిన్నమ్మ పెళ్లీడు పిల్లగా ఉన్నప్పుడు ఆ ఊళ్లో చుట్టాల ఇంట్లో ఉండేది. అక్కడి చర్చిలో పాడేది. చర్చిలో పాటలు నేర్పే ఆయనే క్లబ్బు బ్యాండులో ట్రంపెట్టు ఊదేవాడు. ఆయన ఆమెను బ్యాండులోకి తీసుకుపోయాడు. ఆమెకు అక్షరాలే రావు, ఇక ఇంగ్లీషెక్కడిది? ఆయన ఒక్కొక్క ముక్క పలికి ఈలతో వినిపిస్తే, అట్లాగే పట్టుకుని పాడేదట. దొరలు పోయిన తర్వాత కూడా ఆ క్లబ్బులు కొన్నాళ్లు నడిచాయి. ఒకసారి బ్యాండు మొత్తం బెంగుళూరు వెళ్లి ఒక రికార్డు ఇచ్చి వచ్చారు. చిన్నమ్మకు దాని ప్రతి ఒకటి దక్కింది.

ఇవన్నీ నాకు మా అవ్వ దెప్పుళ్లలోంచే తెలిశాయి. చిన్నమ్మ నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

“మీ చిన్నమ్మ యాడ పాడిందనుకున్నావు? తాగేటోళ్ల ముందర నిలబడి పాడింది. అందుకే దాన్ని చేసుకునేదానికి ఒక్కడూ రాలేదు.”

చిన్నమ్మ కుట్టుమిషన్ ఆపకుండానే, “వచ్చినోళ్లను నేను వద్దంటి గదమ్మా” అనేది.

“ఆఁ, పెద్ద రాణివి.”

మా అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. నన్ను సాకడానికి రమ్మని అవ్వ చిన్నమ్మకు కబురు పంపింది. వస్తే ఇంట్లో దేవుని పాట తప్ప వేరే పాట వినబడకూడదని కూడా చెప్పి పంపింది. అప్పటికే బ్యాండు చెదిరిపోయింది. చిన్నమ్మ ఒక రేకుపెట్టె, కుట్టుమిషన్, చేత్తో తిప్పే గ్రామఫోను పెట్టె, ఆ ఒక్క రికార్డు తెచ్చుకుంది. అవ్వ రికార్డు వైపు అనుమానంగా చూస్తే, “ఇది అట్లాంటిది కాదమ్మా, ప్రార్థన పాటే, ఇంగ్లీషుది” అన్నదట. వేసి వినిపించింది. అవ్వ చెంపకు చెయ్యి పెట్టుకుని చివరిదాకా విని, “ఏడుపుగానే ఉండాది. సరే, ఆదివారం పూట పెట్టుకో” అన్నది.

నేను ఎరిగిన ఆ పాట చాలా మెల్లగా నడిచేది. డ్రమ్ము ఎవరో ఆలోచిస్తూ తలుపు తట్టినట్టు మోగేది. ట్రంపెట్టు దూరంగా పోతున్న రైలు కూతలాగా సాగేది. తర్వాత గొంతు వచ్చేది. బరువైన గొంతు. కష్టం చూసిన నడివయసు మనిషి గొంతు. పాట మధ్యలో ఒక చోట వాయిద్యాలన్నీ ఆగిపోయేవి. గొంతు ఒక్కటే మిగిలేది. అక్కడ అది విరిగి, ఆగి ఆగి వచ్చేది. ఊపిరి ఎగబీల్చినట్టు ఒక చప్పుడు. ఆ చోట అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకునేది. చర్చి నుంచి మా ఇంటికి వచ్చే ఆడవాళ్లు కూడా ఆ చోటు కోసం కాచుకుని ఉండేవాళ్లు. “అర్థం కాకపోయినా ఏడుపొస్తాది” అనేవాళ్లు. అవ్వ పోయినప్పుడు మూడో రోజు ప్రార్థనలో కూడా ఆ రికార్డే వేశారు. ఇల్లంతా ఆ చోట ఏడ్చింది.

మా అమ్మ కోసమే చిన్నమ్మ ఆ చోట ఏడుస్తున్నదని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ రికార్డు మా అమ్మ బతికి ఉండగా ఇచ్చిందని పెద్దయ్యాక లెక్క తెలిసింది. తెలిసినా నా మనసు పాత సంగతే నమ్మింది.

ఒకసారి అడిగాను, “నువ్వు ఇప్పుడు యాల పాడవు చిన్నమ్మా?”

“పాడినాను గదా. పెట్టెలో ఉండాది. అయిపోయింది.”

చర్చిలో కూడా ఆమె పెదవులు మాత్రమే కదిలేవి. నేను పక్కనే నిలబడి చెవి పెట్టి వినేదాన్ని. ఏమీ వినబడేది కాదు.

చిన్నమ్మ పోయాక గ్రామఫోను మదనపల్లెకు నా దగ్గరికి వచ్చింది. ఏటా ఆమె పోయిన రోజున ఆ రికార్డు వేసుకునేదాన్ని. మా ఆయన ఉన్నప్పుడు ఆ కాసేపు బయట అరుగు మీద కూర్చునేవాడు. ఆయనా పోయాక ఏడాదికొకసారి చాలలేదు. ఆదివారాలు వేశాను. తర్వాత గది మరీ నిశ్శబ్దంగా అనిపించిన ఏ సాయంత్రమైనా వేశాను. మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉండేది. ఆ గొంతు నన్ను తిట్టి అన్నం పెట్టిన చిన్నమ్మది. నా జ్వరానికి మేలుకొని కూర్చున్న చిన్నమ్మది.

ఈ ఏడు, ఆమె రోజు ఇంక రెండు రోజుల్లో ఉందనగా, తుడిచి పెడదామని పెట్టె తీశాను. పిడి తిప్పుతుంటే లోపల ఏదో తెగి దబ్బుమన్నది. ఆ తర్వాత పిడి ఊరికే గిర్రున తిరిగింది.

నాకు పట్టుకున్న భయం ఏమిటో చెప్పాలి. మా ఆయన గొంతు నాకిప్పుడు గుర్తు లేదు. ఆయన ఏమేం మాట్లాడాడో చెప్పగలను. నన్ను ఏ మాటతో పిలిచేవాడో చెప్పగలను. గొంతు మాత్రం రాదు. కళ్లు మూసుకుని ఎంత వెతికినా నా గొంతుతోనే ఆయన మాటలు వినబడతాయి. అది ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. చిన్నమ్మది కూడా అట్లాగే పోతుందని భయం. ఆమె గొంతు కూడా పోతే, నన్ను పిలిచినవాళ్ల గొంతు ఒక్కటీ నాకు మిగలదు.

మర్నాడు పొద్దున్నే పెట్టె చంకన పెట్టుకుని టమోటా మార్కెట్టు దారిలో ఉన్న రిపేరు అంగడికి పోయాను. టీవీలూ ఫోన్లూ బాగుచేసే అంగడి అది.

“దీన్ని షోకేసులో పెట్టుకో మ్మా, అందంగా ఉంటాది” అన్నాడు ఆయన. “పాట పేరు సెప్పు, ఫోన్లో ఎక్కిస్తా.”

“పేరు తెలీదప్పా.”

“పాడిందెవరు?”

“మా చిన్నమ్మ.”

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. “మీ చిన్నమ్మ ఫోన్లో దొరకదు మ్మా. పుంగనూరుకు పో. బస్టాండు వెనకాల సందులో ఒక సాయిబు ఉండాడు. పెట్రోమాక్సు లైట్లు, పాత రేడియోలు, ఇట్లాంటివన్నీ ఆయనే సూస్తాడు.”

బస్సులో పెట్టెను ఒడిలో పెట్టుకున్నాను. పక్కామె కాళ్లకు తగలకుండా రికార్డును చీరలో చుట్టి గుండెకు ఆనించుకున్నాను.

“ఏముండాది మ్మా పెట్టెలో? కోళ్లా?” అన్నాడు కండక్టరు.

“పాటలప్పా.”

“అయితే పాడించు. మన బస్సులో పాటల పెట్టె చెడిపోయి ఆరు నెలలాయె.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరితోనో కలిసి నవ్వి చాలా రోజులైందని నవ్వు ఆగాక తోచింది.

సాయిబు నా ఈడువాడే. ముందు గదిలో అంగడి, వెనక ఇల్లు. పెట్టె మూత తీసి, పిడి తిప్పి, చెవి పెట్టి విన్నాడు.

“స్ప్రింగు తెగింది మ్మా. పెట్టిపో, వారం తర్వాత రా.”

“రేపటికి కావాలప్పా.”

“రేపు ఏముండాది?”

“ఇందులో పాడిన మనిషి పోయిన రోజు.”

ఆయన లోపలికి పోయి దుమ్ము పట్టిన ఇంకో గ్రామఫోను తెచ్చాడు. దాన్ని విప్పి స్ప్రింగు తీశాడు. నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు. పని చేస్తూనే రికార్డు చూపించమన్నాడు. చీరలోంచి తీసి ఇచ్చాను. మధ్యనున్న గుండ్రటి కాగితం మీది ఇంగ్లీషును అద్దం పెట్టుకుని చదివాడు.

“బ్యాండు పేరు ఉండాది. పాటకు ‘గాత్రంతో’ అని రాసినారు. ఎవరి గాత్రమో రాయలేదు. ఆ కాలంలో అంతే మ్మా, పాడినోళ్ల పేరు వేసేదానికి చోటు ఉండేది కాదు.”

“మా చిన్నమ్మది.”

“అట్లనా. అయితే ఇప్పుడు ఇద్దరికి తెలుసు.”

మధ్యాహ్నం దాటాక స్ప్రింగు పడింది. రికార్డు వేయకుండా ఉత్తి ప్లేటు తిప్పి చూశాడు. అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ అది ఎన్నిసార్లు తిరిగిందో పెదాలతో లెక్కపెట్టాడు. మొహం చిట్లించాడు. ప్లేటు ఎత్తి కింద చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇట్ల రా మ్మా. ఇది సూడు.”

వంగి చూశాను. ప్లేటు కింద ఒక చిన్న మీట ఉంది. దాని సందులో సన్నటి ఇనప ముక్క దూర్చి ఉంది. కదలకుండా దారంతో చుట్టి, దారం మీద లక్క పోశారు.

“ఇది స్పీడు మీట. జరిపితే రికార్డు బిర్రుగా తిరగతాది, మెల్లగా తిరగతాది. దీన్ని ఎవరో పని పెట్టుకుని బిగించినారు. ఇంకా మెల్లగా పోయేదానికి లేదు, బిర్రుగా పోయేదానికి లేదు.” పట్టకారుతో ఆ ముక్కను లాగి నా అరచేతిలో వేశాడు. “కుట్టుమిషన్ సూది. కొన విరిగింది. మీ ఇంట్లో ఎవరన్నా కుట్టేవాళ్లా?”

నేను సూదిని కొంగున ముడేసుకున్నాను. ఆయన జవాబు కోసం కాచుకోలేదు. మీట జరిపి, మళ్లీ కాగితం పెట్టి లెక్క చూసుకుని, రికార్డు వేసి ముల్లు ఆనించాడు.

డ్రమ్ము ఉరికింది. ట్రంపెట్టు దాని వెంట పరిగెత్తింది. ఏదో వేరే రికార్డు వేశాడనుకుని లేచాను. గొంతు వచ్చింది. సన్నటి, తేటైన గొంతు. నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు, వాయిద్యాలను ఆటపట్టిస్తున్నట్టు, ఒకసారి ముందు పోతూ ఒకసారి కావాలని వెనకబడుతూ. ఆ రాగం నాకు తెలుసు. మలుపులన్నీ తెలుసు. మనిషి మాత్రం తెలియదు.

“ఇది కాదప్పా” అన్నాను. “మా చిన్నమ్మ ఇట్ల పాడదు.”

“ఇట్లనే పాడింది మ్మా. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలని రికార్డుకు లెక్క ఉండాది. మీరు ఇన్నాళ్లు వినింది తప్పు.”

అప్పుడు ఆ చోటు వచ్చింది. వాయిద్యాలు ఆగాయి. గొంతు ఒక్కటే మిగిలింది. అది నవ్వింది. పాటలో పెట్టిన నవ్వు కాదు. పాడుతుండగా ఎవరో ఎదురుగా నిలబడి ఏదో చేస్తే ఆపుకోలేక వచ్చిన నవ్వు. నవ్వుతూనే మాటను అందుకుని, సగం నవ్వు సగం పాటతో ఆ వరస దాటించింది.

టీ గ్లాసులతో వస్తున్న సాయిబు భార్య గడపలోనే నిలబడిపోయింది. వాళ్ల మాటలో ఏదో అడిగింది. ఆయన నా వైపు తిరిగి, “ఎవరీ పిల్ల అని అడగతాంది” అన్నాడు.

పిల్ల. మా చిన్నమ్మను ఆ మాటతో అన్నవాళ్లను నేను ఎరగను.

“ఆమె ఏడుస్తాంది ఆ చోట” అన్నాను.

“ఏడుపా?” అన్నది ఆమె తెలుగులో. “యాడ మ్మా. నవ్వు పట్టలేక సస్తాంది.”

సాయిబు ముల్లు ఎత్తి మళ్లీ వెనక్కి పెట్టాడు. ఈసారి ఆ చోటు వచ్చే ముందు మీటను మెల్లవైపుకు జరిపాడు. నా చిన్నమ్మ వచ్చింది. బరువైన గొంతు, ఊపిరి ఎగబీల్చడం, విరగడం. మీట ముందుకు జరిపాడు. ఆ పిల్ల వచ్చి నవ్వింది. ఇంకోసారి చేయబోతుంటే వద్దన్నాను.

“మళ్లీ బిగించమంటావా?” అని అడిగాడు. అప్పుడు ఆయన గొంతు తగ్గింది.

“వద్దప్పా. వదిలేయ్.”

ఇంతకు ముందులాగే పెట్టె ఒడిలో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. సూది ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. క్లబ్బులో డాన్సుపాటను అవ్వ ఇంట్లో వినాలంటే దాన్ని ప్రార్థనగా మార్చాలి. ఆమె చేతిలో ఉన్నవి సూదీ దారమే. వాటితోనే మార్చింది. అది అర్థమైంది. కానీ అవ్వ పోయిన తర్వాత కూడా తీయలేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్న ఏళ్లున్నాయి. ఎవరి భయమూ లేదు. ఒక రాత్రి కూర్చుని ఆ దారం కోసెయ్యవచ్చు. ఎందుకు కోయలేదో నాకు తెలియదు. మరిచిపోయిందనుకోవడం కష్టం. ఆ నవ్వు వినలేకపోయిందేమో. ఏది నిజమో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

బస్సు కుదుపులకు ఇంకొకటి గుర్తొచ్చింది. రికార్డు తిరుగుతున్నంతసేపూ చిన్నమ్మ మిషన్ తొక్కుతూనే ఉండేది. ఆమె కాలు పాటకు కలిసేది కాదు. పాట అంత మెల్లగా పోతుంటే ఆ కాలు మాత్రం టకటకమని ముందు పోయేది. తాళం తెలిసిన మనిషికి కాలు ఎందుకు కలవదా అని చిన్నప్పుడు అనుకున్నాను. ఆమె లోపల ఆ పాట దాని వేగంతోనే తిరుగుతున్నదని ఆ రోజు బస్సులో తెలిసింది. మేమంతా చుట్టూ కూర్చుని ఆమె నవ్వుకు ఏడుస్తున్నాం. ఆమె మా వైపు చూస్తూ మిషన్ తొక్కుతున్నది. ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకైనా చెప్పి ఉండవచ్చు.

సాయంత్రం ట్యూషన్‌లో కూర్చున్నాను గానీ పలక మీద ఏమీ రాయలేదు. టీచరమ్మ నా పలక చూసి, “ఏం మ్మా, ఈరోజు స్ట్రయికా?” అన్నది.

“తలనొప్పి పాపా.”

“పో, పోయి పడుకో పో.”

చెబుదామనే అనుకున్నాను. ఏమని చెప్పాలి? మా చిన్నమ్మ నవ్విందని చెబితే, మంచిదే గదా అంటారు. అది నాకెంత కొత్తో చెప్పడానికి మొత్తం జీవితం చెప్పాలి. గదికి వచ్చి పెట్టెను మంచం పక్కన దించాను. వేయలేదు. చాలాసేపు ఊరికే దాని ఎదురుగా కూర్చున్నాను.

ఇన్నేళ్లూ నాకు తోడున్నది ఒక మీట సందులో దూర్చిన సూది చేసిన గొంతు. ఆ నడివయసు మనిషి ఎప్పుడూ లేదు. ఉన్నది ఇరవై ఏళ్ల పిల్ల. ఆ పిల్ల బెంగుళూరులో ఒక గదిలో ఎవరినో చూసి నవ్వింది. ట్రంపెట్టు ఊదే ఆయననో, ఇంకెవరినో. అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మ పోలేదు. కాజాలు లేవు, అవ్వ దెప్పుళ్లు లేవు. ఆ గొంతులో నేను లేను. ఆమెకు నేనెవరో తెలియదు. గదిలో అంత ఒంటరిగా మా ఆయన పోయిన రోజు కూడా నాకు అనిపించలేదు. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు.

పొద్దున మేలుకున్నప్పుడు ఇంకా వెలుతురు రాలేదు. మంచం మీదే పడుకుని ఆ పాటను లోపల పాడుకుని చూశాను. మెల్లపాట పూర్తిగా వచ్చింది. బరువైన గొంతు, ప్రతి మలుపూ, ఆ విరిగే చోటు కూడా, పెట్టె ముట్టకుండానే. చిన్నప్పటి నుంచీ విన్నది, అది ఎక్కడికీ పోలేదు. తర్వాత ఆ పిల్లను తెచ్చుకోవాలని చూశాను. ఒక్కసారి విన్న గొంతు. డ్రమ్ము వచ్చింది గానీ ఆమె రాలేదు. ఎంత వెంటపడినా రాలేదు.

చిన్నమ్మ పోయిన రోజున నేను ఏటా మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండేదాన్ని. తలమీద కొంగు కప్పుకుని నేలమీద కూర్చుని రికార్డు వినేదాన్ని. ఆ పొద్దున లేచి స్టవ్వు వెలిగించాను. ఉప్మాకు నూక వేయించాను. పొయ్యి మీద నీళ్లు కాగుతుండగా పిడి తిప్పి, మీటను సాయిబు చూపించిన చోట పెట్టి, ముల్లు ఆనించాను. ఆ పిల్ల పాడింది. నేను ఉల్లిపాయ తరిగాను. ఆ చోటు వచ్చినప్పుడు కత్తి ఆపి విన్నాను. పాట అయిపోయాక మళ్లీ మొదటి నుంచి వేసి, పళ్లెంలో ఉప్మా పెట్టుకుని, వేడివేడిగా తిన్నాను.